జైల్లో తమ్ముడు, ఫోన్‌లో అమ్మ

ఈ ఉత్తరం అమెరికా నుంచి వచ్చింది, ఏడు పేజీలు. రాసినావిడ పేరు, వాళ్లుండే రాష్ట్రం, జైలు పేరు తీసేసి అసలు సంగతులు మాత్రం చెబుతాను.

ఆవిడకి నలభై ఏళ్లు. భర్త, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముడు హెచ్‌-1బి వీసా మీద అదే రాష్ట్రంలో వేరే ఊళ్లో పనిచేసేవాడు. రెండేళ్ల కిందట ఒక శుక్రవారం రాత్రి పార్టీలో తాగి కారు తీశాడు. సిగ్నల్ దగ్గర ఇంకో కారుని గుద్దాడు. అందులో ఉన్నాయన అక్కడికక్కడే చనిపోయాడు. తమ్ముడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 8 ఏళ్ల శిక్ష పడింది. కౌంటీ జైలు నుంచి స్టేట్ ప్రిజన్‌కి మార్చి 14 నెలలైంది. కుదిరిన పెళ్లి ఆగిపోయింది. శిక్ష అయ్యాక తమకి అప్పగించమని ఇమిగ్రేషన్ వాళ్లు డిటైనర్ పెట్టారని జైల్లో కౌన్సెలర్ చెప్పాడట.

ఇండియాలో నాన్నకి అంతా తెలుసు. అమ్మకి ఏమీ తెలీదు. "వీసా గొడవల్లో ఉన్నాడు, కొన్నాళ్లు రాలేడు" అని చెప్పారు. వారానికోసారి తమ్ముడు జైలు నుంచి ఫోన్ చేస్తే ఈవిడ ఇంకో లైన్లో అమ్మని కలిపేది. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా, ఆఫీసులో ఉన్నా." మధ్యలో ఇది జైలు నుంచి వస్తున్న కాల్ అని ఇంగ్లీషులో రికార్డు చేసిన గొంతు వినిపించేది. "ఎవర్రా ఆ మాట్లాడేది?" అని అమ్మ అడిగితే "మీటింగమ్మా" అనేవాడు. గత నెల ఆ కలపడం పట్టుబడింది. అతని ఫోన్ 30 రోజులు ఆపేశారు. అమ్మకి వచ్చే నెల మోకాలి ఆపరేషన్. కొడుకు గొంతు వినకుండా ఆపరేషన్ బల్ల ఎక్కనంటోంది.

ఇంట్లో ఇంకో గొడవ. తమ్ముడి కోసం నెలకి 600 డాలర్ల దాకా అవుతోందని, ఈ రాకపోకల వల్ల తమ గ్రీన్ కార్డుకి ఏమవుతుందోనని భర్తకి టెన్షన్. ఈమధ్య తమ్ముడు వేరే ఖైదీ పేరు చెప్పి, అతని ఖాతాలో 150 డాలర్లు వెయ్యమన్నాడు. ఈవిడ వేసింది, భర్తకి చెప్పలేదు. తొమ్మిదేళ్ల కూతురు మామయ్య ఏడని అడుగుతోంది. "చనిపోయినాయన ఫొటో కోర్టులో చూశాను. వాడి కోసం ఏడుస్తుంటే ఆయన ముఖం గుర్తొస్తుంది. వాడి మీద నాకింత ప్రేమ ఉండడం తప్పా?" అని ఒక చోట రాశారు. ఉత్తరం అంతా అయ్యాక, చివర్లో చిన్న అక్షరాలతో: "మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ చూడ్డానికి వెళ్తాను. పది నిమిషాల తర్వాత ఏం మాట్లాడాలో తోచదు."

మీరు అడిగిన వరసలో కాకుండా ముందు ఆ 150 డాలర్ల సంగతి మాట్లాడతాను. ఏడు పేజీల్లో నాకు నిజంగా భయం వేసింది అక్కడే.

సొంత ఖాతా ఉండగా వేరే ఖైదీ ఖాతాలోకి డబ్బు వెయ్యమన్నాడంటే మామూలుగా మూడు కారణాల్లో ఏదో ఒకటై ఉంటుంది. అప్పు పడ్డాడు, లేదా మత్తుమందు జోలికి వెళ్లాడు, లేదా ఎవరో బెదిరించి వసూలు చేస్తున్నారు. తాగి బండి నడిపి లోపలికి వెళ్లినవాడు కాబట్టి రెండోది కొట్టిపారెయ్యలేం. కొత్తవాడు, నెమ్మదస్తుడు, బయట డబ్బున్న అక్క ఉంది, కాబట్టి మూడోది ఇంకా దగ్గర. చాలా రాష్ట్రాల్లో ఇలా మరో ఖైదీకి డబ్బు పంపడం నిబంధనలకి విరుద్ధం కూడా. మీ పేరు విజిటర్ల జాబితాలోంచి ఎగిరిపోవచ్చు.

ఇంకోసారి అడిగితే వెయ్యకండి. అలాగని ఫోన్లో "ఎవడు వాడు? ఎందుకు?" అని గట్టిగా నిలదియ్యకండి. ఆ ఫోన్లు రికార్డవుతాయి, పక్కన నిలబడి వినేవాళ్లూ ఉంటారు. ములాఖత్‌లో ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుగులో మెల్లగా అడగండి. బెదిరింపు అని తేలితే కౌన్సెలర్‌కి మీరే ఫోన్ చెయ్యొచ్చు. అతన్ని వేరే యూనిట్‌కి మార్చొచ్చు, రక్షణ కోసం విడిగా పెట్టొచ్చు. విడిగా పెడితే ఫోన్, బయట తిరగడం, పని అన్నీ తగ్గుతాయి. అందుకని వాడికి చెప్పకుండా ఫిర్యాదు చెయ్యకండి. ప్రాణభయం ఉందని మీకు గట్టిగా అనిపిస్తే మాత్రం ఆగకండి.

ఇక ఫోన్. జైలు నుంచి వచ్చిన కాల్‌లోకి మూడో మనిషిని కలపకూడదనే నియమం అమెరికాలో దాదాపు అన్ని జైళ్లలోనూ ఉంది. కనిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. మీరు ఇన్నాళ్లు నెట్టుకురావడమే అదృష్టం. రెండోసారి దొరికితే శిక్ష పెద్దదవుతుంది, సత్ప్రవర్తనకి తగ్గే రోజుల మీద పడినా పడొచ్చు. దీనికి దొడ్డిదారి వెతక్కండి. సూటిదారి ఉందేమో కనుక్కోండి: ఆ జైలు విదేశీ నంబర్లకి కాల్స్ అనుమతిస్తుందా, ఇంటి నుంచే మాట్లాడే వీడియో విజిట్ ఉందా, ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు దానికి దరఖాస్తు చేసుకోవచ్చా. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అయితే ఆ దారుల్లో ఏది తెరిచినా జైలు మాట దాచడం కష్టం. వీడియోలో వాడు వేసుకున్న బట్టలే చెప్పేస్తాయి.

అంటే తిరిగి తిరిగి అమ్మ దగ్గరికే వచ్చాం.

మా చిన్నాన్న ఒకాయన నా చిన్నప్పుడు మూడేళ్లు కనిపించలేదు. మిలిటరీలో ఉన్నాడని చెప్పేవాళ్లు. ఊళ్లో అందరికీ జైలని తెలుసు. ఇంట్లో పిల్లలం మాకే తెలీదు, అదీ ఏడాదే. ఆ తర్వాత మాకు తెలుసని పెద్దవాళ్లకి తెలీదు. మా నాయనమ్మకి మొదట్నుంచీ తెలుసని ఆవిడ పోయాక బయటపడింది. మీ అమ్మకి తెలుసని నేననడం లేదు. కానీ రెండేళ్లుగా వీసా కష్టాల్లో ఉండి, పెళ్లి ఆగిపోయి, ఒక్క ఫొటో పంపకుండా, ఎప్పుడూ మీటింగులోనే ఉండే కొడుకు గురించి ఒక తల్లి ఏమీ అనుకోకుండా ఉంటుందా? ఆవిడ ఊహించుకుంటున్నది నిజం కంటే భయంకరమైనదే కావచ్చు. అసలు వాడు బతికున్నాడా అన్న అనుమానం వరకూ వెళ్లి ఉండొచ్చు. గొంతు వినకుండా బల్ల ఎక్కనన్నది మొండితనమని నాకు అనిపించలేదు.

మీ ముందున్న దారులు ఇవి. చెప్పకుండా ఆపరేషన్ గట్టెక్కించడం ఒకటి. 30 రోజుల నిషేధం ముగిసే తేదీ, ఆపరేషన్ తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. నిషేధం ముందు అయిపోయినా, విదేశీ కాల్‌కి వీలుంటేనే లాభం. వాడి గొంతు వినిపించడానికి మళ్లీ కాల్ కలపాలనే ఆశ పుడుతుంది, జాగ్రత్త. ఈ దారిలో అమ్మకి కాస్త కాలం దొరుకుతుంది, మీకు మాత్రం భారం పెరుగుతుంది.

రెండోది, ఇప్పుడే చెప్పడం. ఆపరేషన్ వాయిదా పడొచ్చు. మోకాలి ఆపరేషన్ సాధారణంగా ముందుగా తేదీ వేసుకుని చేయించుకునేదే కాబట్టి కొన్ని వారాలు ఆగడం గురించి డాక్టర్ని అడగొచ్చు. ఆవిడకి బీపీ, గుండె సమస్యలుంటే ఆ సంగతీ డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. చెప్పేటప్పుడు నాన్న పక్కనే ఉండాలి, ఇంకో దగ్గరి మనిషి, పిన్నో అత్తయ్యో, ఇంట్లో ఉండాలి. మీరు ఫోన్లో చెప్పి పెట్టేస్తే ఆ రాత్రి ఆవిడ ఏం చేస్తుందో మీకు కనపడదు.

మూడోది, చెప్పడం వాడి వంతు చెయ్యడం. నా మొగ్గు దీని మీదే. తప్పు వాడిది, తల్లి వాడికి కూడా తల్లే. ఫోన్ లేకపోయినా ఉత్తరం రాయొచ్చు. సొంత దస్తూరీతో తెలుగులో రాసి మీకు పంపిస్తే, మీరు నాన్నకి చేరిస్తే, ఆయన చదివి వినిపిస్తారు. బతికున్నాడని చేతిరాతే రుజువు. తెలుగులో రాసిన ఉత్తరాలు అర్థంకాక జైలు వాళ్లు తనిఖీలో ఆలస్యం చెయ్యొచ్చు, కాబట్టి రోజులు లెక్క వేసుకోండి. వాడు రాయనంటే? అప్పుడు రెండో దారికి రావాలి. కానీ అడగకుండా వాడి తరఫున మీరు భయపడకండి. ఇన్నాళ్లూ అందరి తరఫునా మీరే భయపడుతున్నారు.

ఏ దారి పట్టినా ఒకటి మర్చిపోవద్దు. డిటైనర్ ఉందంటే, శిక్ష అయిన రోజు వాడు గేటు దాటి మీ కారెక్కుతాడని అనుకోకండి. అక్కడి నుంచే ఐస్ (ICE) అనే ఇమిగ్రేషన్ విభాగం వాళ్లు తమ కస్టడీలోకి తీసుకుని ఇండియా పంపించే అవకాశమే ఎక్కువ. ఏదో ఒకనాడు వాడు ఆ తల్లి గుమ్మం ముందే దిగుతాడు. ఎనిమిదేళ్లు కాపాడిన అబద్ధం ఆరోజు ఎలాగూ ఆగదు.

ఈ విషయంలో మూడు పనులు చెయ్యొచ్చు. నేరం ఒప్పుకునే ముందు దేశం నుంచి పంపించేస్తారన్న సంగతి లాయరు వాడికి స్పష్టంగా చెప్పాడా అని కనుక్కోండి. ఆ సలహా ఇవ్వడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని 2010లో పడీలా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చెప్పకపోతే ఏమైనా చెయ్యొచ్చా అన్నది ఇమిగ్రేషన్, క్రిమినల్ రెండూ తెలిసిన లాయర్ని అడగాలి, అదీ త్వరగా. ఇలాంటి వాటికి గడువులు చాలా కఠినం. పెద్ద ఆశ పెట్టుకోకండి, ఒక్కసారి అడిగి తేల్చుకోండి. రెండోది, వాడి పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, ఎప్పటికి గడువు తీరుతుంది? తీరిపోతే తిరుగు ప్రయాణానికి భారత కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. దానికి పాత కాగితాలుంటే పని తేలిక. మూడోది కాన్సులేటే. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం విదేశీ ఖైదీకి తన దేశపు కాన్సులేట్‌తో మాట్లాడే హక్కుంది. వాళ్లు విడిపించలేరు, శిక్ష తగ్గించలేరు. కానీ అడిగితే ఖైదీని కలవగలరు, కాగితాల పనిలో సాయపడగలరు.

మీ ఆయన భయం గురించి. తమ్ముడికి పడిన శిక్ష మీ గ్రీన్ కార్డు దరఖాస్తుకి అంటుకోదు. జైల్లో ఉన్న తోబుట్టువుని చూడ్డానికి వెళ్లడం నేరం కాదు. అయినా ఆయన మనసు కుదుటపడాలంటే మీ ఇమిగ్రేషన్ లాయర్నే ఇద్దరూ కలిసి అడగండి, మీరొక్కరే అడిగొచ్చి చెబితే నమ్మకం కుదరదు. ఆ 150 డాలర్ల సంగతి కూడా దాచకుండా చెప్పండి, ఇంట్లోనూ లాయరు దగ్గరా. ఆయన్ని మీరు ఉత్తరంలో కాస్త విలన్‌ని చేశారు గానీ, 600 డాలర్లు నెలనెలా పోతుంటే పిల్లల తండ్రి నోరెత్తడం అన్యాయమేమీ కాదు.

ఆ డబ్బు ఎటు పోతోందో కాగితం మీద పెట్టండి. కనెక్టికట్, కాలిఫోర్నియా, మినెసోటా, మసాచుసెట్స్ లాంటి చోట్ల స్టేట్ ప్రిజన్ ఫోన్లు ఉచితం. కనెక్టికట్ 2021లో ఆ చట్టం చేసిన మొదటి రాష్ట్రం. మీ రాష్ట్రం అలాంటిది కాకపోతే నిమిషాలు లెక్కే. కమిసరీకి, అంటే జైల్లోని కొట్టులో కొనుక్కోవడానికి, వేసే డబ్బు సంగతి ఇంకోటి: కోర్టు వేసిన నష్టపరిహారం బాకీ ఉంటే కుటుంబం పంపిన దాంట్లోంచి కూడా కోత పడొచ్చు. కాలిఫోర్నియాలో అది సగం దాకా ఉంటుంది. మీరు 200 వేస్తే వాడి చేతికి ఎంత వస్తోందో మీకు తెలుసా? నాకైతే అనుమానమే. సబ్బు, కాఫీ, నూడుల్స్, ఫోన్‌కి సరిపడా నెలకి ఒక అంకె మీ ఆయనతో కలిసి నిర్ణయించుకోండి. అంకె ఎంతన్నది మీ ఇష్టం. ఇంకా చాలా ఏళ్లు ఇవ్వగలిగిందై ఉండాలి, ప్రతినెలా అదే ఉండాలి. లోపల ఉన్నవాడికి ఒక నెల 400, మరుసటి నెల సున్నా వచ్చే కంటే నెలనెలా 80 రావడం మేలు. టెక్సాస్, జార్జియా లాంటి చోట్ల జైల్లో పనికి జీతమే ఉండదు. మిగతా చోట్ల చాలావరకు గంటకి సెంట్లలోనే. కాబట్టి మీరు పంపేది విలాసం కాదని మీ ఆయనకీ అర్థమవ్వాలి. శాకాహారి కాబట్టి రొట్టె, బీన్స్ తిని బతుకుతున్నాడని రాశారు. దానికి డబ్బు అక్కర్లేదు. మతపరమైన ఆహారం కోసం జైలు చాప్లిన్ (ఖైదీల మత విషయాలు చూసే ఉద్యోగి) ద్వారా రాతపూర్వకంగా అడగమనండి. ఖైదీల మతాచారాన్ని కాపాడే ఫెడరల్ చట్టం 2000 నుంచీ ఉంది. వెంటనే ఒప్పుకోకపోవచ్చు, తిరస్కరిస్తే అప్పీలు పెట్టుకోవచ్చు.

అన్ని శనివారాలూ చూడ్డానికి వెళ్లాలా అని అడిగారు. అక్కర్లేదు. కానీ పూర్తిగా మానొద్దు, దానికి నా దగ్గర లెక్క ఉంది. మినెసోటా జైళ్ల శాఖ 2003, 2007 మధ్య విడుదలైన 16,420 మందిని పరిశీలించి 2011లో ఒక నివేదిక ఇచ్చింది. ఒక్కసారైనా ఎవరో ఒకరు చూడ్డానికి వచ్చినవాళ్లు మళ్లీ నేరం చేసి శిక్షపడే ముప్పు 13 శాతం తక్కువగా తేలింది. ఎవరు వస్తే ఎక్కువ మేలన్న జాబితాలో తోబుట్టువులు ఉన్నారు. నెలకో, ఆరు వారాలకో ఒకసారి వెళ్లండి. బయల్దేరే ముందు జైలుకి ఫోన్ చెయ్యండి. ఖైదీలని గదుల్లోంచి బయటికి రానివ్వని లాక్‌డౌన్ అయితే మూడున్నర గంటల ప్రయాణం వృథా. లాక్‌డౌన్‌లో వారం పాటు ఫోన్లు కూడా రాకపోవచ్చు, అప్పుడు చెడు ఊహించుకోకండి. మంగళసూత్రం, గాజులతో మెటల్ డిటెక్టర్ దాటనిస్తారా అన్నదీ ముందే అడగండి.

చనిపోయినాయన గురించి. మీ తమ్ముడి మీద ప్రేమ ఆయనకి చేసిన అన్యాయం కాదు. ఆయన్ని మర్చిపోయి, "పాపం మావాడి బతుకు పాడైంది" అని మాత్రమే చెప్పుకుంటే అది అన్యాయం. మీరు మర్చిపోలేదు. ఆ కుటుంబానికి మీరుగా ఉత్తరం రాయడం, ఫేస్‌బుక్‌లో వెతకడం మాత్రం చెయ్యకండి. కోర్టు నిషేధం ఉండొచ్చు, లేకపోయినా వాళ్ల గాయాన్ని కెలికినట్టే. వాళ్లకి వినాలని ఉంటే రాష్ట్రంలో బాధితుల తరఫు విభాగం ద్వారా వాళ్లే అడుగుతారు. పెన్సిల్వేనియా లాంటి చోట్ల ఖైదీ రాసిన క్షమాపణ ఉత్తరాన్ని అలాంటి విభాగమే దాచి ఉంచుతుంది, బాధితులు కోరితేనే ఇస్తుంది. మీ దగ్గర అలాంటిది ఉందేమో వాడు కౌన్సెలర్ని అడగొచ్చు. ఇదీ మీ పని కాదు, వాడిది.

పాపకి ఒక్క వాక్యం చాలు: "మామయ్య తాగి కారు నడిపాడు, ఒకాయన చనిపోయాడు, అందుకు జైల్లో ఉన్నాడు." స్కూల్లో ఎవరికి చెప్పొచ్చో, ఎవరికి అక్కర్లేదో మాట్లాడుకోండి. కానీ అమ్మమ్మకి తెలిసేదాకా ఆగండి. తొమ్మిదేళ్ల పిల్ల చేత ఇంకో అబద్ధం మోయించొద్దు.

చివర్లో చిన్న అక్షరాలతో అడిగిన దానికి. పది నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయంటే కేసు, లాయరు, అమ్మ, డబ్బు, వీటి గురించే మాట్లాడుతున్నారన్నమాట. ఈసారి విజిటింగ్ హాల్లో చీట్ల పేక, బోర్డు గేములు ఉన్నాయేమో చూడండి, చాలా చోట్ల ఉంటాయి. అనుమతించిన చిల్లరో కార్డో తీసుకెళ్లి వెండింగ్ మెషీన్లో ఏదైనా కొని ఇద్దరూ తినండి. చిన్నప్పుడు మీ ఇద్దరిలో పేకాటలో తొండి ఎవరు చేసేవాళ్లు? అక్కడ మొదలుపెట్టండి. మధ్యలో ఇద్దరూ ఊరకే కూర్చుండిపోయినా ఏం ఫరవాలేదు. వాడుండేచోట ఎప్పుడూ హోరే. మీతో ఊరకే కూర్చోవడం కోసం కూడా వాడు ఎదురుచూస్తూ ఉండొచ్చు.